నిత్య మనోస్థితుల కొలత: నెల్లూరు తీరం నేపథ్యంలో విశ్వసనీయత సమస్య

భరతుడు 8 స్థాయీభావాలను, 33 వ్యభిచారీభావాలను పేర్కొన్నాడు. మొదటివి నిలిచేవి, రెండవవి వచ్చిపోయేవి. రససిద్ధాంత ప్రయోజనం వేరైనా, ఆధునిక మనోవిజ్ఞానంలోని ఒక చిక్కును గ్రహించడానికి ఈ విభజన తోడ్పడుతుంది. ఒక వ్యక్తి స్వభావతః దిగులుపడేవాడా అన్నది ఒక ప్రశ్న. నిన్నటికంటే నేడు అతని దిగులు పెరిగిందా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి నమ్మదగిన ప్రశ్నావళి రెండవదానికి కూడా నమ్మదగినదై ఉండనక్కరలేదు.

2006లో క్రాన్‌ఫోర్డ్ బృందం, క్రాన్‌బాక్ ప్రతిపాదించిన సాధారణీకరణ సిద్ధాంతం ఆధారంగా, మార్పు విశ్వసనీయతను విడిగా లెక్కించే విధానాన్ని చూపింది. ఒక వ్యక్తిలో రోజురోజుకూ కలిగే నిజమైన మార్పు విస్తృతి 0.2, దోష విస్తృతి 0.6 అనుకుందాం. ఒకే పదంతో అడిగితే విశ్వసనీయత 0.25 మాత్రమే. ఒకే భావాన్ని 3 పదాలతో అడిగి సగటు తీస్తే దోషం 0.2కు తగ్గి, విశ్వసనీయత 0.5 అవుతుంది, 6 పదాలకు 0.67. "ఈ రోజు ఎలా ఉన్నారు?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకునే సర్వేల బలహీనత ఇక్కడే బయటపడుతుంది.

మైపాడు, జువ్వలదిన్నె వంటి మత్స్యకార గ్రామాలలో ఈ కొలత మరింత జటిలం. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవల వేట నిలిచిపోతుంది. ఈశాన్య రుతుపవన కాలంలో వాయుగుండం హెచ్చరిక వెలువడితే ఊరంతా ఒకేసారి కలతపడుతుంది. క్రాన్‌ఫోర్డ్ లెక్కలో ఇటువంటి ఉమ్మడి ప్రభావం పక్కకు తొలగి, వ్యక్తికి ప్రత్యేకమైన మార్పే మిగులుతుంది. కనుక తుఫాను వారంలో అంకె తగ్గినంత మాత్రాన మాపని విఫలమైందని నిర్ణయించరాదు. అడిగే వేళ కూడా ముఖ్యమే: పడవ ఒడ్డు చేరిన క్షణంలో అడిగితే, ఆనాటి వేట ఫలితమే జవాబుగా వస్తుంది. సముద్రం మీద ఉన్నవారిని గంట గంటకూ అడగడం సాధ్యం కాదు గనుక, 2004లో కానమన్ బృందం ప్రతిపాదించినట్లు నిన్నటి దినాన్ని ఘట్టాలుగా గుర్తుచేయించడం మేలు.

అసలు కష్టం పదాల ఎంపికలో ఉంది. 1988లో వాట్సన్, క్లార్క్, టెలిజెన్ కూర్చిన పానాస్ మాపనిలో 10 అనుకూల, 10 ప్రతికూల పదాలున్నాయి. వాటిని నిఘంటువు సాయంతో తెనిగిస్తే రెండు మూడు ఆంగ్ల పదాలు ఒక్క 'దిగులు'లోనే కలిసిపోతాయి. 'బెంగ' అలా కాదు. దానికి సాధారణంగా ఎదుట లేని మనిషో, చోటో ఉండాలి. వేటకు వెళ్లినవానికి దిగులు, ఇంట్లో ఎదురుచూసే ఆమెకు బెంగ. ఈ రెంటినీ ఒకే భావానికి పర్యాయాలుగా చేర్చి సగటు తీస్తే నిజమైన భేదమే దోషంగా లెక్కకెక్కుతుంది. "మనసేం బాగాలేదు", "ఏమీ తోచడం లేదు" వంటి పలుకుబడులలో ఏవి ఒకే మనిషిలో కలిసి పెరిగి కలిసి తగ్గుతాయో, ముందుగా ఆ తీరంలోనే కొన్నాళ్లు పరిశీలించి, ఆపైన ప్రశ్నావళి కూర్చాలి.