నడుస్తున్న లినక్స్‌కు నకలు తీయడం ఎలా?

మేమంతా కలిసి వాడుకునే కంప్యూటర్ డిస్కు నిరుడు పాడైంది. బ్యాకప్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. తీరా చూస్తే ఫైనలియర్ మిత్రుల ప్రాజెక్టు డేటాబేసు తెరుచుకోలేదు. కంప్యూటర్ నడుస్తుండగానే 'డీడీ' కమాండుతో తీసిన నకలు అది. ఆ తప్పు మరొకరు చేయకూడదని ఈ వ్యాసం.

వంటమనిషి బియ్యం తీస్తుండగా స్టోరులో స్టాకు లెక్కపెడితే రిజిస్టరుకూ బస్తాలకూ పొంతన కుదరదు. ఇదీ అంతే. డీడీ డిస్కును మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదువుతుంది. ఈలోగా ఫైళ్లు మారితే నకలులో కొంత పాతది, కొంత కొత్తది కలిసిపోతాయి. కాబట్టి నడుస్తున్న సిస్టమ్‌కు ఫైళ్లవారీగా పనిచేసే టార్, ఆర్‌సింక్ మేలు. టార్ 1979 నాటి యూనిక్స్ ఏడవ వెర్షన్‌లోనే ఉంది. అది ఫైళ్లన్నిటినీ ఒకే మూట కడుతుంది. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ విడుదల చేసిన ఆర్‌సింక్ రెండోసారి నుంచి మారిన ఫైళ్లనే కాపీ చేస్తుంది.

పాటించవలసిన నియమాలు:

1. రూట్ అధికారంతోనే చేయాలి. లేకుంటే కొన్ని ఫైళ్లు చదవడానికి వీలుండదు.

2. ఆర్‌సింక్‌తో నకలు తీసే డిస్కు ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఉండాలి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ల యజమాని, అనుమతుల వివరాలు నిలవవు. 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు.

3. ప్రాక్, సిస్, డెవ్, రన్ డైరెక్టరీల లోపలివి వదిలేయాలి. ప్రాక్, సిస్‌లలో కనిపించేవి డిస్కులో ఉండవు, కెర్నల్ అప్పటికప్పుడు చూపించేవి. నకలు చేరే డైరెక్టరీని కూడా మినహాయించాలి. లేకుంటే నకలుకే నకలు తీసుకుంటూ పోతుంది.

4. డేటాబేసు ఫైళ్లను నేరుగా కాపీ చేయరాదు. ముందుగా డంప్ తీయాలి, లేదా కాపీ అయ్యేదాకా ఆ సర్వీసును ఆపాలి. మైఎస్‌క్యూఎల్‌కు 'మైఎస్‌క్యూఎల్‌డంప్' ఉంది.

5. పని పూర్తికాగానే డిస్కును విడదీసి వేరే గదిలో దాచాలి.

అన్నిటికన్నా ముఖ్యం, నకలును నెలకొకసారైనా మరో కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. ఆ పని మేము ఒక్కసారీ చేయలేదు. చేసి ఉంటే లోపం ముందే తెలిసేది. లినక్స్‌ను ఉచితంగా మళ్లీ వేసుకోవచ్చు. మన మిత్రులు రాత్రిళ్లు మేలుకొని చేసిన పని మాత్రం ఎక్కడా దొరకదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దని జూనియర్ మిత్రులకు మా మనవి.