మైనం కాపలా

ఫ్రీమాంట్ నుంచి లివర్‌మోర్ గుడికి వెళ్లాలంటే 680 హైవే మీద సునోల్ కొండదారి ఎక్కాలి. ఆగస్టు ఎండలో, ఏసీ వేసుకుని, ఐదుగురం కూర్చుని ఎక్కుతుంటే మా పాత కారు టెంపరేచర్ ముల్లు నడిమి గీత దాటి ఎర్ర గీత వైపు జరగడం మొదలుపెట్టింది. ఏసీ ఆపేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్‌గా పెట్టి, దగ్గర్లో ఉన్న ఎగ్జిట్ దిగి పక్కకు తీశాను. ఇంత ఎండలో హీటరేమిటని పిల్లలు గోల పెట్టారు. హీటర్ లోపల ఉండేది చిన్న రేడియేటరే. అది తీసుకున్న వేడి మన మీదికి వస్తుంది, ఇంజన్‌కి ఆ మేరకు బరువు తగ్గుతుంది.

ఇంటికొచ్చాక అందరిదీ ఒకటే మాట: "థర్మోస్టాట్ పోయుంటుంది, మార్చెయ్." ఇంజన్ పూర్తిగా చల్లారాక దాన్ని విప్పి చేతిలోకి తీసుకున్నాను. గుప్పిట్లో ఇమిడిపోయే లోహపు బిళ్ల, దానికో స్ప్రింగు, అంచు మీద 82 అనే అంకె. వైరు లేదు, బ్యాటరీ లేదు. ఈ చిన్న వస్తువు వెనక పెద్ద కథే ఉంది.

పెట్రోలు మండినప్పుడు సిలిండర్‌లో మంట 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ శక్తిలో చక్రాలకు చేరేది మూడో వంతు కూడా ఉండదు. దాదాపు మూడో వంతు పొగతో బయటికి పోతుంది, ఇంచుమించు అంతే వేడిని నీళ్లు మోసుకుపోవాలి. 1888లో బెర్తా బెంజ్ మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు కారులో బయల్దేరినప్పుడు ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు ఆవిరైపోతుంటే దారి పొడవునా ఆగి పోసుకోవలసి వచ్చింది. 1901 నాటి మెర్సిడెస్ కోసం విల్‌హెల్మ్ మేబాఖ్ 8,070 సన్నటి గొట్టాలతో తేనెపట్టు లాంటి రేడియేటర్ చేశాడు. గాలి ఆ గొట్టాల గుండా దూసుకుపోతుంటే కొద్దిపాటి నీళ్లే మళ్లీ మళ్లీ చల్లబడి పనికొచ్చాయి.

చల్లబరచడం చేతికొచ్చాక కొత్త చిక్కు మొదలైంది. చలి పొద్దుల్లో ఇంజన్ వేడెక్కనే వేడెక్కదు. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది, పెట్రోలు సరిగా ఆవిరి కాదు, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. రేడియేటర్‌కి అట్టముక్కలు అడ్డం పెట్టుకుని బండి నడిపిన రోజులవి. ఇంజన్‌కి తగినంత వేడి కూడా కావాలి. అందుకే నీళ్ల దారిలో తనంతట తానే తెరుచుకునే తలుపు పెట్టారు. మొదట్లో ఆ తలుపును తెరిచేది త్వరగా ఆవిరయ్యే ద్రవం నింపిన ముడతల డబ్బీ. నీళ్ల ఒత్తిడి పెరిగితే అది లెక్క తప్పేది.

1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నే దానికి మైనంతో జవాబు చెప్పాడు. గట్టి లోహపు గొట్టంలో మైనం నింపుతారు. వేడి చప్పున పాకేందుకు అందులో రాగి పొడి కలుపుతారు. మైనం కరిగేటప్పుడు బాగా ఉబ్బుతుంది. పక్కలకు పోయే చోటు లేక సన్నటి కడ్డీని ముందుకు తోస్తుంది, ఆ బలానికి స్ప్రింగు అణిగి తలుపు తెరుచుకుంటుంది. చల్లారితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. ఏ మైనం ఎంత కలపాలన్నది చూసుకుంటే తలుపు ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకోవాలో మనమే నిర్ణయించవచ్చు. నా చేతిలోని 82 అదే.

వంటకి వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టాను. థర్మోస్టాట్ తలుపు సందులో దారం ఇరికించి, అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ ఉంచాను. 70... 78... 81. దారం బిగుతుగానే ఉంది. 83 దగ్గర తలుపు సన్నగా తెరుచుకుంది, దారం జారి థర్మోస్టాట్ గిన్నె అడుగున టప్పున పడింది. మరిగే వేళకు నోరు బాగా తెరిచింది. అంటే దాని తప్పేమీ లేదు.

మరి ముల్లు ఎందుకు పైకి పోయింది? అది ఎప్పుడు పైకి పోతోందో గమనిస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు పెరిగి, హైవే ఎక్కగానే తగ్గితే ఫ్యాన్‌ను అనుమానించాలి. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి, బానెట్ ఎత్తి చూస్తే చాలు. హైవే మీద, కొండ ఎక్కేటప్పుడే పెరిగితే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తక్కువై ఉండాలి, రేడియేటర్ పూడి ఉండాలి, లేదా వాటర్ పంపు నీరసించి ఉండాలి. ముల్లు ఎంతకీ పైకి రాక, హీటర్ గోరువెచ్చగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది. 1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లయితే స్కానర్ పి0128 అనే కోడ్ చూపించవచ్చు. ముల్లు ఉన్నట్టుండి గెంతితే లోపల గాలి చేరిందేమో, సెన్సర్ వైరు వదులైందేమో చూడాలి. బయట ఎక్కడా కారకుండా కూలెంట్ మాయమవుతూ, పొగ గొట్టం నుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తుంటే, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకి మారితే హెడ్ గాస్కెట్ పోయినట్టే అనుకోవాలి. ఆ బండిని ఇక నడపకూడదు.

మా కారు కొండ మీదే వేడెక్కింది. కూలెంట్ చూస్తే తక్కువగా ఉంది, కింద మాత్రం ఒక్క చుక్క లేదు. విడిభాగాల దుకాణంలో డిపాజిట్ కట్టి ప్రెషర్ టెస్టర్ తెచ్చాను. గొట్టాలూ రేడియేటరూ ఒత్తిడిని నిలబెట్టుకున్నాయి, రేడియేటర్ మూత నిలబెట్టలేకపోయింది. దాని రబ్బరు పగిలిపోయి ఉంది. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మూత తీసి ఉంటే సుమారు 107 డిగ్రీలకే మరుగుతుంది, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడిలో దాదాపు 129 దాకా మరగదు. ఆ అండ పోయేసరికి మా కూలెంట్ కొంచెం కొంచెంగా పొంగిపోయింది. ఈ కారణం వల్లనే వేడి మీదున్న ఇంజన్‌కి ఆ మూత ఎన్నడూ తీయకూడదు. ఒత్తిడి తగ్గిన క్షణంలోనే లోపలిదంతా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

మా ఫ్రీమాంట్‌లోని కార్ల ఫ్యాక్టరీ ఈ కథను రెండు తరాలుగా చూసింది. జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఆ ప్లాంటులోనే, అది టయోటాతో కలిసి పెట్టిన నమ్మీ కంపెనీ 1984 నుంచి 2010 ఏప్రిల్ 1 దాకా కార్లు తయారుచేసింది. అక్కడ పుట్టిన కొరోలాలు మైనం కాపలాతోనే రోడ్డెక్కాయి. అదే ప్లాంటు నుంచి 2020లో టెస్లా మోడల్ వై వచ్చింది. అందులో పెట్రోలు మంట లేదు. అయినా బ్యాటరీకీ తగిన వేడే కావాలి, చల్లటి బ్యాటరీ చార్జింగ్ సరిగా తీసుకోదు, వేడెక్కితే త్వరగా పాడవుతుంది. అందుకే ఎనిమిది దారుల ఆక్టోవాల్వ్ పెట్టారు. వేడి ఎటు పోవాలో కంప్యూటర్ దానికి చెబుతుంది. మైనానికి ఎవరూ చెప్పనక్కర్లేదు, తాకిన నీళ్లే చెబుతాయి.

పాత థర్మోస్టాట్‌నే కొత్త గాస్కెట్ వేసి బిగించాను. మూత మార్చి, కూలెంట్ నింపి, లోపలి గాలి బయటికి పంపాను. తర్వాతి శనివారం సునోల్ ఎక్కుతుంటే ముల్లు నడిమి గీత మీదే నిలబడింది. తెలిసో తెలియకో ఆ రోజు నేను పారేయబోయింది ఆ కారులో ఏ తప్పూ చేయని కాపలాదారుని.