నడుమునకు నడికట్టు

పనికి పూనుకొనుటను మనవారు నడుము కట్టుట యందురు. అలసినవాడు నడుము వాల్చును. తీరని కష్టము వచ్చినవాని నడుము విరిగినదందురు. దేహబలమునకు నెలవు ఎచ్చట నున్నదో మన భాషకు ఏనాడో తెలిసినది. అట్టి నడుమే నేడు లోకమున తక్కిన ఏ రుగ్మతకంటెను ఎక్కువమందిని పనికి అశక్తులను చేయుచున్నది. 2020వ సంవత్సరమున ప్రపంచమందు 61 కోట్ల 90 లక్షల మంది నడుమునొప్పితో బాధపడిరనియు, 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఒక్కటే. బలహీనమైన నడుమునకు మంచము మందు కాదు. అంగడిలో దొరకు పట్టీయు మందు కాదు. మన దేహమునందే పుట్టుకతో వచ్చిన నడికట్టు ఒకటి కలదు. దానిని కొద్దికొద్దిగా బిగించుకొనుటయే దారి.

వెన్నెముక తనంతట తానే నిలిచియుండు స్తంభమని పలువురి తలంపు. అది నిజము కాదు. మెడ మొదలు నడుమువరకు ఒకదానిపై నొకటిగా 24 వెన్నుపూసలు కలవు. వానిలో క్రింది 5 పూసలు నడుమునకు చెందినవి. పూసకు పూసకు నడుమ మెత్తని డిస్కులును, చుట్టును త్రాళ్లవంటి బంధనములును కలవు. కండరములను తొలగించి, పూసలను బంధనములను మాత్రమే మిగిల్చి, నడుము భాగముపై భారము మోపి చూచిన 1992 నాటి ఒక పరిశోధనలో అది సుమారు 90 న్యూటనుల భారమునకే, అనగా రమారమి 9 కిలోల బరువునకే ఒరిగిపోయినది. అయినను మిల్లులో హమాలీ 50 కిలోల బస్తాను వీపున వేసికొని మెట్లెక్కుచున్నాడు గదా! ఈ వ్యత్యాసమంతయు కండరముల చలువయే. సర్కసు డేరాను తలచుకొనుడు. నడుమ నిలిపిన కొయ్య ఎంత లావైనను, నలుదెసల మోకులు సమముగా బిగించిననే అది నిలుచును. ఒక ప్రక్క మోకు సడలినచో కొయ్య రెండవ ప్రక్కకు ఒరుగును.

వెన్నెముకకు మోకులవంటి ఈ కండరములనే మేము నడికట్టు అనుచున్నాము. ఆంగ్లమున దీనిని ‘కోర్’ అందురు. ముందువైపున పొట్ట కండరములు, వానికి లోపల, పట్టీవలె నడుమును చుట్టియుండు ‘ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్’, ప్రక్కల ఏటవాలు కండరములు, వెనుక పూసను పూసతో ముడివేయు ‘మల్టిఫిడస్’ మొదలగునవి, పైకప్పుగా ఉదరవితానము, అడుగున కటివలయపు కండరములు. పిరుదుల కండరములు కూడ వీనికి తోడుపడును. వీని ముఖ్యమైన పని నడుమును వంచుట కాదు. చేతులును కాళ్లును కదలునపుడు నడుమును చలింపకుండ నిలుపుట. ఈ మాట మనసున నుంచుకొన్నచో, ముందు చెప్పబోవు వ్యాయామముల తీరు సులభముగా బోధపడును.

ఈ కట్టు ఎట్లు సడలును? దినమునకు ఎనిమిది పది గంటలు కుర్చీకి చేరగిలబడి కూర్చుండువానికి దీనితో పని తక్కువ. పనిలేని కండరము సన్నగిల్లును. మరి పొలములో నాట్లు వేయు స్త్రీకి పనికేమి కొదువ? ఆమెకు నడుమునొప్పి ఏల వచ్చును? గంటల తరబడి ముందునకు వంగియే యుండుటచే ఆమె వీపునందలి బంధనములును డిస్కులును ఒత్తిడికి లోనగును. పొట్టకును ప్రక్కలకును తగిన పని దొరకదు. ఒకరికి పని చాలక, మరియొకరికి పని ఒకే వైపున ఎక్కువై, ఇరువురి మోకులును సమము తప్పుచున్నవి.

నొప్పి తానే ఈ కట్టును మరింత సడలించును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయమునకు చెందిన హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనువారు 1996లో ఒక విశేషమును ప్రకటించిరి. ఆరోగ్యవంతుడు చేయి ఎత్తబోవునపుడు, చేయి కదలుటకు ముందే లోపలి పట్టీ కండరము బిగియును. నడుమునొప్పి గలవారిలో ఆ బిగువు ఆలస్యముగా వచ్చుచున్నది. అదే యేట వెలువడిన మరియొక పరిశీలనలో, తొలిసారి వచ్చిన నొప్పి తగ్గిపోయినను, సన్నగిల్లిన మల్టిఫిడస్ తనంతట తాను పూర్వపు పుష్టిని పొందదని తేలినది. నొప్పి పోయినది గదా యని ఊరకుండువారికి అది మరల వచ్చుటకు ఇది యొక కారణము కావచ్చును.

ఇంట నొకరికి నడుము పట్టినచో, కదలవద్దు, పక్క దిగవద్దు అని ఆప్తులు చెప్పుట కలదు. ప్రేమతో చెప్పిన మాటయే. కాని రెక్కాడిన గాని డొక్కాడని ఇంట నెలదినములు మంచము పట్టినచో పొయ్యి వెలుగుట ఎట్లు? 1986లో అమెరికా వైద్యుడు రిచర్డ్ డెయో, ఆయన సహచరులు కొందరు రోగులకు రెండు దినములును, కొందరికి ఏడు దినములును విశ్రాంతి విధించి చూచిరి. రెండు దినములవారు తక్కువ దినములే పని మానిరి. ఏడు దినములవారికి అదనముగా కలిగిన మేలేమియు కనబడలేదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పిని గూర్చి ప్రకటించిన మార్గదర్శకములలో వ్యాయామమును సిఫారసు చేసినది. నడుము పట్టీలను, ట్రాక్షనును సాధారణ చికిత్సగా వాడవలదని సూచించినది.

అయితే ఎట్టి వ్యాయామము? నడుము బలమనగానే పలువురు వెల్లకిల పరుండి, చేతులు తలక్రింద కట్టి, పదేపదే లేచి కూర్చుందురు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున స్టువర్ట్ మెక్‌గిల్ చేసిన కొలతల ప్రకారము, అట్లు లేచిన ప్రతిసారియు నడుముపై 3,000 న్యూటనులకు మించిన ఒత్తిడి పడును. బలహీనమైన నడుమునకు ఇది తగదు. డెన్మార్కు వైద్యుడు బీరింగ్-సోరెన్‌సెన్ 1984లో వెల్లడించిన పరిశోధనలో, బల్లకు వెలుపల మొండెమును గాలిలో సమముగా ఎక్కువసేపు నిలుపగలిగిన పురుషులకు మరుసటి యేడాది తొలిసారి నడుమునొప్పి వచ్చుట తక్కువగా కనబడినది. కావున ఆరంభకులకు ముందు కావలసినది బరువులెత్తు సత్తువ కాదు, నిలుపుకొను ఓపిక. నడుముపై భారము తక్కువగాను, కండరములకు పని తగినంతగాను ఉండునట్లు మెక్‌గిల్ ఎంచిన మూడు వ్యాయామములకు మరి రెండింటిని చేర్చి, క్రమముగా వివరింతుము. నేలపై చాపగాని జంబుఖానగాని చాలును. మెత్తని పరుపు పనికిరాదు.

మొదటిది బిగింపు. వెల్లకిల పరుండి మోకాళ్లు ముడిచి, పాదములు నేల నానింపవలెను. వ్రేళ్లను బొడ్డునకు ఇరుప్రక్కల నుంచవలెను. ఎవరో పొట్టపై మెల్లగా గ్రుద్దబోవుచున్నట్లు భావించి పొట్టను కొంచెము బిగింపవలెను. పొట్టను లోనికి పీల్చుట గాని, ఊపిరి బిగబట్టుట గాని కూడదు. ఈ బిగువు నడుము చుట్టును తెలియవలెను. తక్కిన నాలుగింటికిని ఇదియే పునాది.

రెండవది తల ఎత్తుట. వెల్లకిల పరుండి ఒక మోకాలు ముడిచి, రెండవ కాలు చాపి, రెండు అరచేతులను నడుము క్రింది పల్లమున నుంచవలెను. పొట్టను బిగించి తలను, భుజములను నేలనుండి కొంచెము మాత్రమే ఎత్తి నిలుపవలెను. గడ్డము రొమ్మునకు తాకరాదు. నడుము చేతులను నేలకు అదుమరాదు. పైకి చూచువానికి ఇది వ్యాయామమువలెనే కనబడదు. చేసినవానికి మాత్రము తెలియును.

మూడవది ప్రక్కవంతెన. ఒక ప్రక్కకు తిరిగి పరుండి, మోకాళ్లు ముడిచి, మోచేతిని భుజము క్రిందికి తెచ్చి, మోచేతిపైనను మోకాలిపైనను ఆని తుంటిని నేలనుండి ఎత్తవలెను. భుజము, తుంటి, మోకాలు ఒకే వరుసలో నుండవలెను. ఇదియు కష్టమైనవారు గోడకు ప్రక్కగా నిలిచి, మోచేతిని గోడకు ఆనించి, దేహమును నిటారుగా ఏటవాలుగా నిలిపిన చాలును. రెండు ప్రక్కలను సమముగా చేయవలెను.

నాలుగవది చేతిని కాలిని చాపుట. అరచేతులపైనను మోకాళ్లపైనను పసిబిడ్డవలె నిలిచి, మొదటి వారము ఒక కాలిని మాత్రమే వెనుకకు చాపవలెను. అది కుదిరిన పిదప కుడికాలిని, ఎడమచేతిని ఒకేసారి చాపవలెను. తరువాత ఎడమకాలిని, కుడిచేతిని. నడుము క్రుంగరాదు, ప్రక్కకు తిరుగరాదు. నడుముపై చెంబెడు నీరున్నట్లు తలచి, ఆ నీరు తొణకకుండ చేయవలెను. చేయి యెంత యెత్తు లేచినదని కాదు, నడుమెంత నిశ్చలముగా నున్నదని చూచుకొనవలెను.

అయిదవది యోగమున సేతుబంధాసనమని పేరుగన్న దాని సులభరూపము. వెల్లకిల పరుండి, మోకాళ్లు ముడిచి, పిరుదులను బిగించుచు తుంటిని పైకెత్తవలెను. మోకాళ్లనుండి భుజములవరకు ఒకే వాలు ఏర్పడిన చాలును. ఇంకను పైకెత్తి నడుమును విల్లువలె వంచుట ఆరంభకులకు వలదు.

ఒక్కొక్క భంగిమను ఎనిమిది పది సెకండ్లకు మించి నిలుపవలదు. ముందు అయిదు మార్లు చేసి, కొంచెము ఆగి మూడు మార్లు, మరల ఆగి ఒక్కమారు చేయవలెను. దినదినము సంఖ్యను మెల్లగా పెంపవచ్చును గాని, ఒక్కొక్కమారు నిలుపు కాలమును పెంపవలదు. కండరము బడలి భంగిమ చెడిన తరువాత చేయు వ్యాయామము చేటు. ఊపిరి సహజముగా సాగుచుండవలెను. రక్తపుపోటు గలవారు ఈ మాట మరువరాదు. నిద్ర లేచిన వెంటనే వ్యాయామము చేయరాదు. రాత్రివేళ డిస్కులు నీరు పీల్చి ఉబ్బియుండును. అందుచేతనే సాయంత్రమునకంటె ఉదయమున మన ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్లు హెచ్చు. అట్టి వేళ ముందునకు వంగినచో వానిపై ఒత్తిడి మిక్కుటమగును. ఒక గంట ఇంటిలో అటునిటు తిరిగిన పిమ్మట ప్రారంభించుట మేలు.

ఈ అయిదింటికి నడకను జోడింపవలెను. ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయమువారు 2024లో ప్రకటించిన పరిశోధనలో, నడుమునొప్పి తగ్గినవారు కొందరిని క్రమముగా వారమునకు అయిదు దినములు అరగంట చొప్పున నడచునట్లు ప్రోత్సహించిరి. వారిలో సగముమందికి నొప్పి తిరిగి వచ్చుటకు 208 దినములు పట్టినది; అట్టి శిక్షణ లేనివారిలో 112 దినములే. వెల లేని మందు ఇంతకంటె వేరే కలదా?

పావుగంట వ్యాయామము చేసి, తక్కిన దినమంతయు నడుమును హింసించినచో ఫలమేమి? నీళ్లబిందె నెత్తునపుడు దానికి దగ్గరగా నిలిచి, నడుమున గాక తుంటివద్దను మోకాళ్లవద్దను వంగి, పొట్టను బిగించి, దేహమునకు చేర్చి ఎత్తవలెను. ఎత్తి నడుము మెలిత్రిప్పుటకు మారుగా పాదములను త్రిప్పవలెను. నాట్లు, కలుపు పనులలో అరగంటకొకమారు నిటారుగా నిలిచి, చేతులు నడుముపై నుంచి కొన్ని క్షణములు ఆగవలెను. కంప్యూటరు ముందు కూర్చుండువారికిని ఇదే నియమము. పనివారు అట్లు నిలిచినపుడు సోమరితనమని యజమానులు విసుగుకొనరాదు. ఆ నిమిషమే మరునాటి పనికి పెట్టుబడి.

కొన్ని హెచ్చరికలు అవసరము. మలమూత్రములపై అదుపు తప్పినను, తొడల నడిమి భాగము మొద్దుబారినను, కాలిలో బలము తగ్గుచున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. నొప్పితో జ్వరము వచ్చినను, కారణము లేక బరువు తగ్గుచున్నను, వృద్ధులు క్రిందపడిన పిదప నొప్పి ప్రారంభమైనను వైద్యుని చూపింపవలెను. గర్భిణులు, శస్త్రచికిత్స జరిగినవారు, ఎముకలు గుల్లబారినవారు వైద్యుని సలహా లేక ప్రారంభింపరాదు. వ్యాయామమున కండరము అలసినట్లుండుట సహజము. నొప్పి నడుమునుండి కాలిలోనికి దిగుచున్నచో మాత్రము ఆపవలెను.

సడలిన కట్టు ఒక్కనాడు సడలలేదు, ఒక్కనాడు బిగియదు. మొదటి వారమున మార్పేమియు తోచకపోవచ్చును. కొన్ని వారములు గడచిన పిదప బిందె తేలికైనట్లును, సాయంకాలమున నడుము వాల్చవలెనను ఆత్రము తగ్గినట్లును తోచును. నొప్పి పూర్తిగా పోయినను వ్యాయామమును మానవలదు. నడుము మరల పట్టునను భయముతో పనికి వెనుదీయువారు మన ఇండ్లలో ఎందరో కలరు. వారిలో ఒక్కరైనను రేపు చాప పరచి మొదటి బిగింపును ప్రయత్నించినచో మా ప్రసంగము సార్థకమగును.