పద్దు పోయింది, పాట ఉంది

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో అమ్మవారి సంబరం రాత్రి జముకుల కథ మొదలైందంటే, ముందు వరసలో వాళ్లంతా ఫోన్లు పైకెత్తుతారు. నాకది సంతోషమే. బొడ్డపాడులో ఉండి విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథలు చెప్పిన నేల ఇది. జముకు అనే ఆ వాద్యం మోత ఏదో ఒక రూపంలో నిలవాలి. చిక్కల్లా తర్వాత వస్తుంది. ఏడాది తిరిగాక ఆ పాట మళ్లీ విందామని నొక్కితే, "ఫైలు దొరకలేదు" అంటుంది ఫోను.

కంగారు పడకండి పిల్లలూ. పాటల జాబితా వేరు, పాట వేరు. పాట ఎక్కడుందో ఆ చిరునామా మాత్రమే జాబితాలో ఉంటుంది. మీరు ఫోల్డరు పేరు మార్చినా, పాటను ఇంకో చోటికి జరిపినా, జాబితా పాత చిరునామాకే వెళ్లి తలుపు కొడుతుంది. కాబట్టి ముందు ఫైల్ మేనేజరులో వెతకండి. పేరు గుర్తు లేకపోతే ఎంపీ3, ఎం4ఏ అనే తోకలతో వెతకండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకో తిరకాసు ఉంది. ఏదైనా ఫోల్డరులో 'నోమీడియా' అనే చిన్న ఫైలు ఉంటే, అందులోని పాటలు జాబితాకు ఎక్కవు. దాన్ని తీసేస్తే కాసేపటికి పాటలన్నీ బయటపడతాయి.

సరే, నిజంగానే చెరిపేశారనుకుందాం. అప్పుడేం జరుగుతుంది? పలాసలో జీడిపప్పు గోదాము ఊహించుకోండి. ఏ బస్తా ఎక్కడుందో గుమస్తా పుస్తకంలో పద్దు రాసి ఉంటుంది. ఆ పద్దు కొట్టేసినంత మాత్రాన బస్తా కదలదు. కాకపోతే ఆ చోటు ఖాళీ అనుకుని, రేపు వచ్చే సరుకు అక్కడే దించుతారు. మెమరీ కార్డు పనీ అంతే. 32 జీబీ దాకా ఉండే కార్డుల్లో మామూలుగా ఫ్యాట్32 అనే పద్ధతి ఉంటుంది. అందులో ఫైలు చెరిపితే పద్దులో పేరు మొదటి అక్షరం మారుతుంది, ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుంది. పాట మాత్రం అక్కడే ఉంటుంది, దాని మీద కొత్తది ఏదైనా రాసేదాకా.

అందుకే పాట పోయిందని తెలిసిన క్షణమే కార్డు బయటికి తీయండి. ఇంకో ఫోటో తీయొద్దు, ఇంకో వీడియో దించుకోవద్దు. కార్డును కంప్యూటరుకు పెట్టి ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు నడపండి. దొరికినవాటిని మళ్లీ అదే కార్డులో దాచకండి, వేరే డిస్కులో దాచండి. ఫోటోరెక్ పద్దుల పుస్తకం జోలికి పోకుండా నేరుగా సరుకునే చూసి గుర్తుపడుతుంది. ఎంపీ3 పాట చిన్న చిన్న ముక్కల వరస. మామూలు పాటలో ఒక్కో ముక్క సెకనులో వెయ్యింట సుమారు 26 వంతులు. ప్రతి ముక్కా వరసగా 11 ఒకట్లతో మొదలవుతుంది. కొన్ని ముక్కలు పాడైనా తక్కినవి పలుకుతాయి. ఫోను లోపలి మెమరీ సంగతి వేరు. చెరిపిన చోటును అది తనే తుడిచేసుకుంటుంది, రాసిందంతా సంకేతాల్లో దాచుకుంటుంది. అక్కడ చెరిగింది తిరిగి రావడం అరుదు.

తిరిగొచ్చిన పాటలకు చాలాసార్లు పేర్లుండవు, అంకెలే ఉంటాయి. సినిమా పాటలైతే మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే సాఫ్ట్‌వేరు శబ్దం పోలికను బట్టి పేరు చెప్పగలదు. 2020లో వచ్చిన 'పలాస 1978' పాటలు పోతే ఇంకెక్కడైనా దొరుకుతాయి కూడా. మీ ఊరి సంబరంలో పాడిన పాటకు ఆ దారి లేదు. అది ప్రపంచంలో మీ కార్డులో తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు. దాని పేరు మీరే రాయాలి. ఎంపీ3లో పాట వివరాలు రాసే చోటును ఐడీ3 ట్యాగు అంటారు. పాత రకం ట్యాగులో పాట పేరుకు 30 బైట్లే చోటు. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో మన లిపి రాస్తే అచ్చుకీ హల్లుకీ గుణింతం గుర్తుకీ తలా 3 బైట్లు పడతాయి. 'జముకుల కథ' అన్న మాటకే 25 బైట్లయిపోతాయి. అందుకని ఐడీ3 రెండో వెర్షన్ ట్యాగు ఎంచుకోండి, అందులో ఇరుకు లేదు. పాడినవారి పేరు, ఊరు, ఏడాది, పక్కన వంత పాడినవారు, అన్నీ రాయండి.

పేరు రాస్తే సరిపోదు, పాట మళ్లీ పోకుండా కాపాడుకోవాలి కూడా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. కొబ్బరీ జీడీ నేలకూలాయి. అలాంటి రోజున ఒకే ఇంట్లో ఎన్ని కాపీలున్నా ఒక్కటే లెక్క. కాబట్టి మూడు కాపీలు చేయండి. ఒకటి ఫోనులో, ఒకటి హార్డ్ డిస్కులో, మూడోది విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న మీ అన్నయ్య దగ్గరో చిన్నాన్న దగ్గరో ఉండాలి. ఏడాదికోసారి, సంబరం ముందు రోజు, మూడింటినీ తెరిచి వినండి. పలకనిది ఏదైనా ఉంటే, పలికే దాన్నుంచి ఆ రోజే కొత్త కాపీ చేయండి.