వట్టి తునకలు – ఉప్పు ఎంత, జాగ్రత్త ఎంత?



ఓబులదేవరచెరువు వైపు వానలు తక్కువ, ఎండ ఎక్కువ. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మన పెద్దలు ఆ ఎండనే వాడుకొని, మిగిలిన మాంసాన్ని వట్టి తునకలుగా చేసి దాచుకున్నారు. కరువు సీమలో సంగటిలోకి అది బలమైన తిండి.

ఫిలిప్పీన్స్ దేశంలో కూడా ఇలాంటిదే 'తాపా' అని ఉంది. పలుచగా కోసిన మాంసాన్ని ఉప్పు, వెల్లుల్లి, పులుపుతో ఊరబెట్టి వేయిస్తారు. వెల్లుల్లి అన్నం, గుడ్డుతో కలిపి ఉదయం పూట తింటారు. అదీ మొదట నిలవ కోసం పుట్టినదే.

ఇది ఎలా పనిచేస్తుంది? ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది. ఎండ ఆ నీటిని ఆర్పేస్తుంది. తేమ లేనిచోట క్రిములు పెరగలేవు. కాబట్టి తునకలను పలుచగా కోయాలి. మందంగా ఉంటే లోపల తడి నిలిచి కుళ్లుతుంది. ఈగలు వాలకుండా పలుచటి గుడ్డ కప్పాలి. మబ్బు పట్టిన రోజుల్లో ఎండబెట్టవద్దు. బూజు పట్టినా, వాసన మారినా పారవేయండి.

బి.పి. ఉన్నవారిని "ఉప్పు తగ్గించారా?" అని అడిగితే, "కూరలో తగ్గించాం" అంటారు. తునకల సంగతి చెప్పరు. తునక ఎండి చిన్నదవుతుంది గానీ ఉప్పు అందులోనే ఉంటుంది. రోజుకు 5 గ్రాములకన్నా తక్కువ, అంటే సుమారు ఒక టీస్పూనులోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందుచేత వండేముందు తునకలను గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడగండి. కూరలో వేరే ఉప్పు వేయకండి. ఇలా చేస్తే ఉప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరును అడగకుండా తినవద్దు. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే తాజా మాంసాన్నే కొద్దిపాటి ఉప్పుతో ఊరబెట్టి వండుకోవడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి. జబ్బుపడిన లేక దానంతట అది చచ్చిన జీవాన్ని కోయవద్దు, ఎండబెట్టవద్దు. ఆంత్రాక్స్ అనే దొమ్మ రోగపు క్రిములు ఉప్పుకు, ఎండకు చావవు. కోసినవారి చేతులపై నల్లటి పుండ్లు లేస్తాయి. ప్రాణానికే ముప్పు రావచ్చు. జీవం పోయిందన్న నష్టం పెద్దదే, మాకు తెలుసు. అయినా పశువుల డాక్టరుకు కబురు చేయండి. ఇంటిల్లిపాది ప్రాణం అంతకన్నా విలువైనది గదా!