విడి టిక్కెట్లపై సామాను త్రూ చెకిన్

విమాన ప్రయాణంలో మధ్యలో విమానం మారవలసి ఉన్నపుడు, బయలుదేరిన చోట అప్పగించిన సామానును విమాన సంస్థలే చివరి గమ్యానికి చేర్చే ఏర్పాటును త్రూ చెకిన్ అంటారు. ఒకే టిక్కెట్టుపై ప్రయాణించేవారికి ఈ సౌకర్యం సాధారణంగా లభిస్తుంది. రెండు విమానాలకు విడివిడిగా టిక్కెట్లు కొన్నపుడు ఇది ప్రయాణికుని హక్కు కాదు. మొదటి విమాన సంస్థ అంగీకరిస్తేనే సాధ్యమవుతుంది.

విధానం

సామానుకు కట్టే ట్యాగుపై గమ్యస్థానపు మూడక్షరాల సంకేతం, బార్‌కోడు, పది అంకెల సంఖ్య ఉంటాయి. ఒక సంస్థ వేసిన ట్యాగును మరొక సంస్థ స్వీకరించాలంటే వాటి మధ్య ఇంటర్‌లైన్ ఒప్పందం ఉండాలి. ఒప్పందం ఉన్నప్పటికీ విడి టిక్కెట్లపై సామానును ముందుకు పంపని సంస్థలు ఉన్నాయి. చౌక ధరల విమాన సంస్థలలో అనేకం ఇటువంటి ఒప్పందాలకు దూరంగా ఉంటాయి.

ఉత్తరాంధ్ర ప్రయాణికులు

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం, ఇచ్ఛాపురం ప్రాంతాల నుండి అనేకులు పశ్చిమాసియా దేశాలకు, సింగపూరుకు పనులకు వెళుతుంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు చాలాకాలం విశాఖపట్నం విమానాశ్రయంపైనే ఆధారపడ్డారు. విజయనగరం జిల్లా భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది.

ఉదాహరణకు, విశాఖపట్నం నుండి హైదరాబాదుకు ఒక టిక్కెట్టు, అక్కడి నుండి దుబాయికి మరొక టిక్కెట్టు కొన్న ప్రయాణికుని సామాను హైదరాబాదు వరకే వెళ్ళవచ్చు. అపుడు అతడు శంషాబాదులో సామాను తీసుకొని, బయటకు వచ్చి, మళ్ళీ చెకిన్ చేయాలి. అంతర్జాతీయ విమానాల కౌంటర్లను సాధారణంగా గంట ముందే మూసివేస్తారు. శంషాబాదులో దేశీయ, అంతర్జాతీయ విమానాలు ఒకే టెర్మినల్ నుండి నడుస్తాయి. ఢిల్లీ, ముంబైలలో టెర్మినల్ మారవలసి రావచ్చు.

బరువు పరిమితి కూడా మారుతుంది. దేశీయ విమానాలలో ఎకానమీ తరగతికి అనేక సంస్థలు 15 కిలోలే అనుమతిస్తాయి. గల్ఫ్ విమానంలో 30 కిలోలకు అనుమతి ఉన్నా, విడి టిక్కెట్టుపై మొదటి విమానంలో అదనపు బరువుకు రుసుము చెల్లించాలి.

విదేశాలలో విమానం మారేటపుడు సామాను తీసుకోవాలంటే ఇమ్మిగ్రేషన్ దాటవలసి ఉంటుంది. అందుకు ఆ దేశపు వీసా అవసరం కావచ్చు.

తిరుగు ప్రయాణం

విదేశాల నుండి వచ్చి దేశీయ విమానానికి మారేవారు, ఒకే టిక్కెట్టు ఉన్నా, సాధారణంగా భారతదేశంలో మొదట దిగిన విమానాశ్రయంలోనే సామాను తీసుకొని కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించాలి.

బాధ్యత

ఒకే టిక్కెట్టుపై మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే, ప్రయాణికుని మరొక విమానంలో పంపే బాధ్యతను సాధారణంగా విమాన సంస్థ వహిస్తుంది. విడి టిక్కెట్లపై రెండవ సంస్థ దృష్టిలో అతడు ప్రయాణానికి రానివాడే. ఆ టిక్కెట్టు సొమ్ములో అధికభాగం నష్టపోవచ్చు. త్రూ చెకిన్ జరిగినంత మాత్రాన రెండు టిక్కెట్లు ఒకటి కావు.

భారతదేశం 2009లో చేరిన మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం, అంతర్జాతీయ ప్రయాణంలో సామాను దెబ్బతింటే అందిన 7 రోజులలోగా, ఆలస్యమైతే అందిన 21 రోజులలోగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఇందుకు ట్యాగు రసీదు ఆధారమవుతుంది. కౌంటరు వదిలేముందు దానిపై ఉన్న సంకేతం చూస్తే సామాను ఎక్కడివరకు వెళుతుందో తెలుస్తుంది.