మాపటికల్లా ఇల్లు చేరాలంటే

హైదరాబాదులో కూలికీ, ఇళ్ళల్లో పనికీ పోయే ఆడవాళ్ళకు సెలవంటే ఎప్పుడో ఒక ఆదివారం. ఆ ఒక్కరోజులో యాదగిరిగుట్టకు పోయి నరసింహస్వామిని చూసి రావాలని చాలామందికి ఉంటుంది. గుట్ట దాదాపు 60 కిలోమీటర్లు. పొద్దున పోయి మాపటికి రావచ్చు. అయినా ఎవరైనా తోడు వస్తేనే కదులుతారు. బస్సు బోర్డు చదవడం రాదనే భయం. ఇప్పుడు చదువు వచ్చింది. ఇక కావలసింది లెక్క.

ఈ లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. రాత్రి 7 గంటలకు ఇంట్లో ఉండాలి అనుకుందాం. ఉప్పల్‌లో దిగి ఇల్లు చేరడానికి ఒక గంట. బస్సులో రెండు గంటలు. అంటే గుట్టలో 4 గంటలకే బస్సెక్కాలి. బస్టాండు కింద, గుడేమో కొండమీద. కాబట్టి 3 గంటలకే కొండ దిగాలి. ఆదివారం క్యూ పొడుగ్గా ఉంటుంది. కార్తీక మాసంలో వ్రతాలు చేసుకునేవాళ్ళు వస్తారు, ఇంకా రద్దీ. క్యూలో మూడు గంటలు పట్టినా సరిపోవాలంటే పొద్దున 6 గంటలకు ఇల్లు వదలాలి.

గుట్ట బస్సులు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దొరుకుతాయి. జనం దాన్ని ఇమ్లిబన్ అంటారు. ఉప్పల్‌లోనూ ఎక్కవచ్చు, కానీ అక్కడికి వచ్చేసరికి సీట్లు నిండిపోతాయి. ముసలివాళ్ళు వెంట ఉంటే ఇమ్లిబన్‌కు పోవడమే మేలు.

బోర్డు మీద ఊరి పేరు పూర్తిగా చదవాలి. వరంగల్, హనుమకొండ బస్సులు కూడా అదే దారిన పోతాయి. కానీ అవి గుట్ట ఊళ్ళోకి రాకుండా పెద్దరోడ్డు మీదనే సాగిపోవచ్చు. ఎక్కేముందు కండక్టరును అడగాలి. అడిగితే నామోషీ ఏం లేదు, బాగా చదువుకున్నోళ్ళూ అడుగుతారు.

బస్సు ఏ రకమో కూడా చదవాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బులు కట్టాలి. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ వంటి అసలు కార్డు దగ్గర ఉండాలి. డబ్బులు కట్టకపోయినా కండక్టరు 'జీరో టికెట్' ఇస్తాడు. అడిగి తీసుకోవాలి. వెంట మగవాళ్ళు వస్తే వాళ్ళకు మామూలు టికెట్టే.

అన్నిటికన్నా మోసం చేసేది టైము బోర్డు. కొన్నిచోట్ల 17.30 అని రాస్తారు. 12 కన్నా పెద్ద అంకె కనిపిస్తే అందులోంచి 12 తీసెయ్యాలి. 17లో 12 పోతే 5. అంటే సాయంత్రం 5.30. దాన్ని 7.30 అనుకుని నెమ్మదిగా కొండ దిగితే బస్సు రెండు గంటల కిందటే పోయి ఉంటుంది. చీకట్లో పిల్లలతో బస్టాండులో కూర్చోవాలి. అందుకే గుట్టలో దిగగానే, కొండెక్కక ముందే, తిరుగు బస్సులు ఎప్పుడెప్పుడో ఎంక్వైరీలో అడిగి చీటీ మీద రాసుకోవాలి. ఒకటి కాదు, రెండు బస్సుల టైము రాసుకోవాలి. మొదటిది తప్పినా రెండోది ఉంటుంది.

దారిలో భువనగిరి వస్తుంది. ఒకే పెద్ద బండ మీద కట్టిన కోట బస్సులోంచే కనిపిస్తుంది. పిల్లలు దిగుదామని గోల చేస్తారు. ఆ బండ ఎక్కి దిగేసరికి కాళ్ళు పడిపోతాయి. దానికి ఇంకో ఆదివారం పెట్టుకోవాలి.